రాసింది చదివేవాళ్లేరీ?

మా రోజుల్లో కాలేజీ గడప తొక్కిన కుర్రాడంటే ఊరందరికీ జాబులు రాసిపెట్టేవాడని లెక్క. నేను ఇంటర్మీడియట్‌లో చేరిన ఏడాది నుంచే వీధిలో ఎవరికి అవసరం పడినా కార్డు ముక్క పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. అత్తారింట ఉన్న కూతురి మంచిచెడ్డలు, మిలిటరీలో ఉన్న కొడుకు పంపిన డబ్బు అందిందన్న కబురు, తోట కౌలు బాకీ, అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. మామిడి కాపు మొదలైందంటే మా నాన్నే నాకు పెద్ద పని. ఆయనకు సంతకం తప్ప చదువు రాదు. గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ మామిడి కొట్టువాడికి రాయాల్సింది చెప్పేవాడు. ఈ ఏడు రసాలు తక్కువ, బంగినపల్లి పర్వాలేదు, మంగు లేదు, పోయినసారి తరుగు ఎక్కువ తీశారు, ఈసారి అట్లా కుదరదు. నేను రాసేవాణ్ని. రాశాక చదివి వినిపించమనేవాడు. విని ఒకటే మాట అనేవాడు:

"తరుగు సంగతి మెత్తగా పడిందిరా. కొట్టువాడు నవ్వుకుని పక్కన పడేస్తాడు. మళ్లీ రాయి."

అక్షరం రాని మా నాన్నే నా రాతను మొట్టమొదట తప్పుపట్టిన మనిషి. రాసింది ఎవరో ఒకరు వింటారు, విని ఏదో ఒకటి అంటారు అన్న ఎరుకతోనే మేం కలం పట్టాం. ఇవాళ పెద్ద పెద్ద చదువులు చదివే పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది ఇక్కడే. వాళ్ల చేత రాయిస్తారు, అప్‌లోడ్ చేయిస్తారు, మార్కులు వేస్తారు. రాసింది కూర్చుని చదివేవాళ్లు మాత్రం కనపడరు.

మా మాస్టారి సంగతి చెప్పాలి. 1972 చివర్లో ప్రత్యేక రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమం రాజుకుని కాలేజీలు మూతపడ్డాయి. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. నెలల తరబడి పాఠాల్లేవు. కుర్రాళ్లం రోడ్ల మీద పడ్డాం. అప్పుడు మా తెలుగు మాస్టారు మాలో ఆరుగురికి కబురుపెట్టారు. "కాలేజీ లేకపోతే మా అరుగుంది. రోజుకో పేజీ రాసుకురండి" అన్నారు. జీతం లేదు, హాజరు పట్టీ లేదు, ఇదో పథకమని ఎవరూ పేరు పెట్టలేదు.

మొదటి రోజు ఇచ్చిన విషయం మామిడి పూత. మామిడి సీమవాణ్ని, నాకు చెప్పాలా! రెచ్చిపోయాను. ఆమ్రవృక్షములు, పుష్పమంజరులు, మలయమారుతము, కోకిలారావము... గైడుల్లో కనపడ్డ మాటలన్నీ దించేశాను. మాస్టారు మొత్తం చదివి నాలుగు వాక్యాల కింద ఎర్ర సిరాతో చుక్కలు పెట్టారు. కొట్టెయ్యలేదు, దిద్దలేదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి అడిగారు.

"మీ తోటలో పూత ఎట్లా ఉందిరా?"

"సంక్రాంతికి ముందే వచ్చిందండి. ఈ ఏడు మంచు ఎక్కువ పడింది. తేనెమంచు పట్టి సగం పూత మాడిపోయింది. నాన్న తెల్లారకముందే లేచి చెట్టు చెట్టుకూ తిరిగి, కొమ్మలు వంచి చూసుకుంటున్నాడు."

"మరి అది రాయవేం?"

మర్నాడు అది రాసుకెళ్లాను. మంచు, మాడిన పూత, చలికి తలగుడ్డ చెవుల దాకా లాక్కుని చెట్ల కింద తిరిగే నాన్న. ఎర్ర చుక్కలు నాలుగు కాస్తా రెండయ్యాయి. ఆ రెంటి దగ్గరా మళ్లీ అదే ప్రశ్న. ఇక్కడ ఏం చెప్పాలనుకున్నావు? నేను నోటితో చెప్పేవాణ్ని. చెబుతుంటే నాకే తెలిసిపోయేది, కాగితం మీద ఉన్నది నేను చెబుతున్నది కాదని. నెల తిరిగేసరికి ఆ ప్రశ్న నన్ను నేనే వేసుకోవడం అలవాటైంది.

గురజాడ, గిడుగు వారి సంగతి మేం విన్నది ఆ అరుగు మీదే. మద్రాసు విశ్వవిద్యాలయం కింద చదివే కుర్రాళ్లు పరీక్షలో తెలుగు వ్యాసం ఏ తెలుగులో రాయాలి అన్నది అప్పటి తగవు. పండితులు గ్రాంథికమే ఉండాలన్నారు. గురజాడ అప్పారావు 1914లో ఒప్పుకోనంటూ విడిగా అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. మరుసటేడు నవంబరులో కన్నుమూశారు. గిడుగు రామమూర్తి 1940లో పోయేదాకా వాడుక భాష కోసం ఆ పోరు సాగించారు. ఇదంతా చెప్పి మాస్టారు నావైపు తిరిగి, "ఈ యుద్ధం ఎవరి కోసమనుకున్నావు? మాడిన పూత గురించి నువ్వు మీ నాన్న మాటల్లో రాసుకోవడానికి" అన్నారు. ఆ తర్వాత నేను ఆమ్రవృక్షమని ఎన్నడూ రాయలేదు.

అప్పట్లో మా డిగ్రీ పేపర్లు దిద్దడానికి వాల్తేరు విశ్వవిద్యాలయానికి పోయేవి. నాగార్జున విశ్వవిద్యాలయం పుట్టింది 1976లో. ఇప్పుడున్న కృష్ణా విశ్వవిద్యాలయమైతే 2008 నాటిది. "వాల్తేరులో దిద్దే ఆయనకు నీ మొహం తెలియదు. ఆయనకు నీ పేపరే నీ మొహం" అనేవారు మాస్టారు. పొదుపు నేర్పడానికి ఒక్కోసారి పేజీ రాసిందాన్ని టెలిగ్రాంలా కుదించమనేవారు. మాటకింత అని రుసుం కట్టే రోజులవి, అనవసరమైన మాట పడితే జేబుకు చిల్లు. 2013 జులైలో టెలిగ్రాం సర్వీసు ఎత్తేశారన్న వార్త చదివినప్పుడు నాకు ఆ అరుగే కళ్లముందు మెదిలింది.

ఇంగ్లిష్ మాత్రం మాకు కొరకరాని కొయ్యే. దానికీ మాస్టారి మందు ఇదే. ముందు తెలుగులో రాయి, చెప్పదలుచుకున్నది తేల్చుకో, తర్వాత ఇంగ్లిష్‌లోకి తిప్పు. ఇది నాకు తేలిగ్గా ఎక్కింది. ఎందుకంటే మా నాన్న అంటు కట్టే తీరు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నాటు టెంక పాతి మొలిపించిన మొక్కను కుండీతో సహా బంగినపల్లి చెట్టు దగ్గరికి తెచ్చేవాడు. కొమ్మ అందేటట్టు మంచె కట్టి దాని మీద కుండీ ఎక్కించేవాడు. మొక్క కాండానికీ, చెట్టు కొమ్మకీ ఒకే కొలతన చెక్కు తీసి, గాయానికి గాయం ఆనించి, అరటి నారతో బిగించేవాడు. ఇక రెండు మూడు నెలలు రోజూ ఆ కుండీకి నీళ్లు పోసే పని మాది. అతుక్కుందని నమ్మకం కుదిరాక, కొమ్మను తల్లిచెట్టు నుంచి కొద్దికొద్దిగా కోసేవాడు. ఒక్కసారే కోస్తే వాడిపోతుంది. నాటు వేరు లేకుండా వట్టి బంగినపల్లి కొమ్మ తెచ్చి నేలలో గుచ్చితే అది కట్టెపుల్లే.

ఇంగ్లిష్ మీడియం మాట ఎవరెత్తినా నాకు మంచె మీది ఆ కుండీ గుర్తొస్తుంది. కాలేజీ చదువు తెలుగులో చెప్పాలని 1968లో తెలుగు అకాడమీ పెట్టి పుస్తకాలు రాయించుకున్న రాష్ట్రం మనది. ఆ రాష్ట్రంలోనే 2021-22 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. ఇంగ్లిష్ వద్దని నేననను. ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పి పిల్లల్ని పెంచుకున్నవాణ్ని, అనలేను. నేనడిగేది ఒకటే. అంటు కట్టారా, కొమ్మ గుచ్చారా? పదో తరగతి దాకా తెలుగులో ఆలోచించిన పిల్లను ఇంగ్లిష్ తరగతిలో కూర్చోబెట్టాక రెండు మూడేళ్లు రోజూ కుండీకి నీళ్లు పోసే మనిషిని పెట్టారా?

మా నూజివీడుకు 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పేరుతో ఇడుపులపాయ, బాసరలతో పాటు మాకూ ఒకటి ఇచ్చారు. పదో తరగతి మార్కులతో సీటు, సర్కారు బడిలో చదివిన పిల్లలకు అదనంగా కొన్ని మార్కులు, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల ఇంజనీరింగు కలిపి ఆరేళ్ల చదువు. పల్లెటూరి పిల్లల కోసం ఇంత మంచి ఆలోచన ఎవరు చేసినా చేతులెత్తి మొక్కాలి. దానికి అప్పట్లో రాజ్ రెడ్డి గారు ఛాన్సలర్‌గా ఉన్నారంటే నేను పొంగిపోయాను. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటి మనిషిగా మొదలై, మనిషి మాట యంత్రానికి అర్థమయ్యేలా చేసే విద్యలో లోకమంతా పేరు తెచ్చుకున్నారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ యూనివర్సిటీకి వచ్చే పిల్లల్లో ఎందరో ఆయనలాగే ఇంట్లో మొదటివాళ్లు. వాళ్లు ఇంటికి ఫోన్ చేసి అడగడానికి ఇంగ్లిష్ వచ్చిన నాన్న ఉండడు, చదువుకున్న మేనమామ ఉండడు. అలాంటి పిల్ల రాసిన పేజీ చదవాల్సిన బాధ్యత ఎవరిదో ఒకరిది కావాలి కదా!

మొన్న వేసవిలో జరిగింది చెబుతాను. ఏ కాలేజీ అన్నది అనవసరం, అంతటా ఇదే వరస. మా ఊరి కుర్రాడు ఇంజనీరింగ్ చివరి ఏడాదికి వచ్చాడు. తోటలో కాయ కోయిస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

"మాస్టారూ, క్యాంపస్ ఇంటర్వ్యూలొస్తున్నాయి. నా సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఒకసారి వింటారా?"

"చెప్పరా."

కుర్రాడు చేతులు కట్టుకుని, కళ్లు చెట్టు మీదికి పోనిచ్చి ఏకబిగిన అప్పజెప్పాడు. పేరు, ఊరు, మార్కులు. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్. ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్. మై హాబీస్ ఆర్ ప్లేయింగ్ క్రికెట్ అండ్ లిజనింగ్ టు మ్యూజిక్. నాకు నీరసం వచ్చింది. ఇదే పాఠం ఇదే వరసలో ఎంతమంది పిల్లల నోట విన్నానో.

"ఒరేయ్, మీ అమ్మ ఎక్కడుందిప్పుడు?"

వాడు వెనక్కి తిరిగి చూశాడు. వాళ్లమ్మ మా చెట్టు కిందే ఉంది. మగవాళ్లు చిక్కం గడలతో దించుతున్న కాయల్ని తొడిమలు తుంచి, సొన కారిపోయేలా బోర్లించి, మంగు పట్టినవి ఒక పక్కకు, దెబ్బ తగిలినవి ఒక పక్కకు, మంచివి మరో పక్కకు వేరుచేస్తోంది. సొన పడి ఆమె ముంజేతుల మీద చర్మం నల్లగా కమిలి ఉంది. కాపు ఉన్నన్నాళ్లూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంట చేసిపెట్టి పనికొస్తుంది. వాడి హాస్టలు ఖర్చులో సగం ఆ చేతులదే.

"హౌస్‌వైఫ్ అంటావేరా?"

"అందరూ అట్లాగే చెబుతారండి" అన్నాడు తలొంచుకుని.

సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టాను. మీ అమ్మ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తుందో తెలుగులో రాయమన్నాను. పది వాక్యాలకు గంట పట్టింది. ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయబోయాడు, ఫోన్లో అదే అలవాటు కదా! తెలుగు అక్షరాల్లో రాయరా అంటే ఒత్తుల దగ్గర ఆగాడు. అయినా రాశాడు. కాయను చేత్తో తిప్పి చూసి ఎన్నాళ్లకు పండుతుందో వాళ్లమ్మ చెప్పగలదట, అదీ రాశాడు. రెండు చోట్ల ఎర్ర చుక్క పెట్టాను, ఇక్కడ ఏం చెప్పాలనుకున్నావు అన్నాను. మర్నాడు అదే ఇంగ్లిష్‌లోకి తిప్పుకొచ్చాడు. మై మదర్ గ్రేడ్స్ మ్యాంగోస్, షి నోస్ ఎ ఫ్రూట్ బై టచ్. వ్యాకరణం నేను సర్దాల్సింది రెండు మూడు చోట్లే. ఈసారి చదువుతుంటే వాడి కళ్లు చెట్టు మీదికి పోలేదు, నా మొహంలోకి చూస్తూ చదివాడు.

ఇన్నేళ్లలో వాడు రాసిన కాగితం మీద ఎవరైనా ఇలా కూర్చుని మాట్లాడారా అని అడిగాను. లేదన్నాడు. ల్యాబు ఉందట. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, లోపల ఎవరో దొరసాని పలికినట్టు పలకాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటేడాది ఇంగ్లిష్ కమ్యూనికేషన్ ల్యాబు సిలబస్‌లోనే ఉంటుంది, తెలుసు. ఉచ్చారణ నేర్పడం మంచిదే, కాదనను. కానీ ఆ పెట్టె వాడి పేజీ చదవదు. రికార్డు పుస్తకం నింపుతారు, సీనియర్ పుస్తకం చూసి నింపుతారు, ముద్ర పడుతుంది. ఒక్కో సారు దగ్గర ఇన్ని సెక్షన్లు, ఇంతమంది పిల్లలు ఉంటే ఆయన మాత్రం ఎవరి పేజీ చదువుతాడు? తప్పు ఆ సారుది కాదు. పిల్లలు రాసింది చదవడం ఒక పనేనని, దానికీ మనిషిని పెట్టాలని, జీతమివ్వాలని అనుకోని పెద్దలది.

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంకొక మెట్టు దిగాం. సెలవు చీటీ దగ్గర్నుంచి ప్రాజెక్టు రిపోర్టు దాకా అదే రాస్తోంది. అమెరికా పోయేవాళ్లకు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ ఒకప్పుడు కన్సల్టెన్సీవాళ్లు డబ్బు పుచ్చుకుని రాసిపెట్టేవాళ్లు, ఇప్పుడు యంత్రం ఉచితంగా రాస్తోంది. నేనెందుకు చదవాలనుకుంటున్నాను అన్న ముక్క కూడా వేరేవాళ్ల చేత రాయించుకునే పిల్లవాడికి ఆ చదువు ఎందుకో ఎప్పుడు తెలుస్తుంది? కాపీ కొట్టిన పరిశోధనల మీద యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. పోలిక 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. శిక్ష రాసిపెట్టారు, బాగుంది. కాపీ కొట్టకుండా సొంతంగా ఎలా రాయాలో కూర్చోబెట్టి నేర్పే ఏర్పాటు ఏ కాలేజీలో ఎంత ఉంది?

మా రోజులన్నీ బంగారమని నేననను. మేమూ గైడులు బట్టీ కొట్టాం. అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ అన్న సెలవు చీటీ మాకూ కంఠోపాఠమే. జ్వరం లేకపోయినా అదే, అక్క పెళ్లయినా అదే, ఇంకో చీటీ రాయడం రాదు కనుక. మా ఆరుగురికీ మాస్టారు దొరికారు, క్లాసులో మిగతావాళ్లకు దొరకలేదు. నా స్నేహితుడొకడు లెక్కల్లో దిట్ట. వేరే ఊళ్లో చేరాడు. అక్కడ క్లాసులో లేచి చదివితే ఉచ్చారణకు మేష్టారే నవ్వారట, క్లాసంతా నవ్విందట. వాడు మళ్లీ నోరు విప్పలేదు. అన్నీ పాసై ఇంగ్లిష్ ఒక్కటీ తప్పి, రెండుసార్లు కట్టి, చివరికి చదువు మానేశాడు. జీవితమంతా లారీలకు కాయ లెక్కలు చూశాడు. నోటితో వేసే లెక్కలో ఈ చుట్టుపక్కల వాడిని మించినవాడు లేడు. ఒక్క మనిషి, ఒక్క ఏడాది, వాడి పక్కన కూర్చుని ఉంటే ఎంత ఎత్తుకు పోయేవాడో!

మా తోడల్లుడి మనవరాలు అమెరికాలో ఎంఎస్ చదువుతోంది. వాళ్ల యూనివర్సిటీలో రైటింగ్ సెంటర్ అని ఒకటుందట. రాసిన కాగితం పట్టుకెళితే ఒకరు పక్కన కూర్చుంటారు. వాళ్లు తిరగరాసి ఇవ్వరు. "ఇక్కడ నువ్వు ఏం చెప్పాలనుకుంటున్నావు?" అని అడుగుతారట. ఫోన్లో ఆ మాట వినగానే నా గొంతు పట్టేసింది. ఐయోవా విశ్వవిద్యాలయంలో ఇలాంటిది 1934లోనే మొదలైంది. పర్డ్యూలో 1976లో పెట్టారు, ఇంటర్నెట్ వచ్చాక లోకమంతా చదువుకునేలా పాఠాలూ పెట్టారు. వాళ్లు దాన్ని ఒక గదిగా, ఒక ఉద్యోగంగా నిలబెట్టుకున్నారు. మా మాస్టారి అరుగు ఆయనతోనే పోయింది. ఆ ఇల్లు పడగొట్టి అంతస్తుల భవనం కట్టారు, దానికి అరుగే లేదు. మన పిల్ల అంత దూరం వెళ్లి, అప్పు చేసి ఫీజు కట్టి, మా ఆరుగురికి 1973లో ఊరికే దొరికిన ప్రశ్నను అక్కడ వింటోంది.

కాలేజీలు నడిపే పెద్దలకు నా మనవి. కోట్లు అక్కర్లేదు. లైబ్రరీ పక్కన ఒక గది, రెండు బల్లలు, ఓపికున్న మనిషి ఒకరు. పిల్లలు రాసింది తెలుగైనా, ఇంగ్లిషైనా చదివి మాట్లాడటమే ఆ మనిషి ఉద్యోగం. మార్కులు వేయకూడదు, నవ్వకూడదు. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట మండలాల్లో రిటైరైన మాస్టార్లం, పంతులమ్మలం చాలామందిమి ఉన్నాం. పొద్దున పేపరు, సాయంత్రం సీరియలుతో రోజులు గడుపుతున్నాం. వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు ఇవ్వలేమా? మీ ఊళ్లో కాలేజీ పిల్లలెవరో మీకు తెలుసు, ఒకరిని పిలిచి, రాసింది తెమ్మనండి.

నేను మంగళవారం, శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచి దీపాలు పెట్టేదాకా మా అరుగు మీద ఉంటున్నాను. ఆ కుర్రాడు ఇప్పుడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొస్తున్నాడు. ఎవరొచ్చినా చేత్తో రాసిన ఒక పేజీ తెచ్చుకుంటే చాలు.